ఓపీఎఫ్‌లో సోలార్ జనరేటర్‌కి పవర్ ఫ్యాక్టర్ హద్దు ఎలా పెట్టాలి? క్యూమ్యాక్స్‌తో పని కావడం లేదు

పెన్నాతీరం
ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్నాను, నెల్లూరులోనే. మ్యాట్‌పవర్ అనే ప్రోగ్రామ్‌లో 30 బస్సుల (బస్సు అంటే గ్రిడ్‌లో లైన్లు కలిసే చోటు) కేసు తీసుకుని, 23వ బస్సు దగ్గరున్న జనరేటర్‌ని సోలార్ ప్లాంటుగా మార్చాను. ఖర్చు సున్నా పెట్టాను. ఎండని బట్టి గంట గంటకీ పీమ్యాక్స్ (ఇవ్వగలిగిన గరిష్ఠ మెగావాట్లు) మారుస్తూ, లోడ్లు కూడా ఆ గంటకి తగ్గట్టు మారుస్తూ రోజంతటికీ ఓపీఎఫ్ (ఆప్టిమల్ పవర్ ఫ్లో, హద్దులు దాటకుండా తక్కువ ఖర్చుతో ఏ జనరేటర్ ఎంత ఇవ్వాలో తేల్చే లెక్క) నడుపుతున్నాను.

మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. సాయంత్రం 5 గంటల కేసులో పీమ్యాక్స్ 6 మెగావాట్లు. రిజల్టులో పీ (యాక్టివ్ పవర్) 6, క్యూ (రియాక్టివ్ పవర్) మాత్రం 22 మెగావార్లు వచ్చింది. పవర్ ఫ్యాక్టర్ (మొత్తం పవర్‌లో పీ నిష్పత్తి) లెక్కేస్తే 0.26! ఏ సోలార్ ప్లాంటు ఇలా నడుస్తుందని మా గైడ్ అడుగుతున్నారు. సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) రూల్ ప్రకారం 0.95 లాగ్ (క్యూ ఇవ్వడం) నుంచి 0.95 లీడ్ (క్యూ తీసుకోవడం) మధ్య ఉండాలి కదా. జనరేటర్ టేబుల్లో చూస్తే పవర్ ఫ్యాక్టర్ అనే కాలమే లేదు. క్యూకి పై హద్దు క్యూమ్యాక్స్, కింది హద్దు క్యూమిన్ ఉన్నాయంతే. దీన్ని ఎలా పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి. వచ్చే వారం రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.

కావలి_కరెంటు
దీనికి టెన్షన్ ఎందుకబ్బా. 0.95కి టాన్ విలువ, అంటే క్యూ బై పీ, 0.3287. క్యూమ్యాక్స్ = 0.3287 × పీమ్యాక్స్, క్యూమిన్ దానికి మైనస్. 30 మెగావాట్లకి 9.86 వస్తుంది, 6 మెగావాట్లకి 1.97. పీమ్యాక్స్ మార్చే లూపులోనే ఈ రెండూ మార్చేయ్. అయిపోయింది.

సోలార్_అక్క
పైన చెప్పింది పీ ఎప్పుడూ పీమ్యాక్స్ దగ్గరే ఉంటే సరిపోతుంది. ప్లాంటుకి కోత పడితే? పీమ్యాక్స్ 30 ఉన్న గంటలో ఓపీఎఫ్ పీని 10కి తగ్గించిందనుకోండి, క్యూ హద్దు మాత్రం 9.86 దగ్గరే ఉండిపోతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.71కి పడిపోతుంది. హద్దు పీతో పాటు కదలాలి. క్యూమ్యాక్స్ స్థిరమైన అంకె కాబట్టి అది కదలదు.

కావలి_కరెంటు
సోలార్ ఖర్చు సున్నా పెట్టాడు కదా అక్కా. ఊరికే వచ్చే కరెంటుని ఏ ఓపీఎఫ్ అయినా ఎందుకు తగ్గిస్తుంది?

సోలార్_అక్క
లైన్లు పట్టకపోతే తగ్గించక ఏం చేస్తుంది? ఆ కేసు ఫైలు తెరిచి 23వ బస్సు చూడండి. దానికి రెండే లైన్లు, 15వ బస్సుకి ఒకటి, 24వ బస్సుకి ఒకటి. ఒక్కోదాని హద్దు 16 ఎంవీఏ (పీ, క్యూ కలిసిన మొత్తం పవర్ కొలత). అంటే బయటకి పోయే దారి మొత్తం 32. ఆ బస్సులో సొంత లోడు 3.2 మెగావాట్లే. 30 మెగావాట్లు పుట్టిస్తే దాదాపు 27 బయటకి పోవాలి, అది కూడా రెండు లైన్ల మధ్య ఇంచుమించు సమానంగా పంచుకుంటేనే పడుతుంది. కరెంటు అలా సమానంగా పంచుకోదు, ఇంపిడెన్స్ ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. దాని మీద క్యూ కూడా అదే లైన్లో పోవాలి. ఈ బస్సులో కోత పడే అవకాశం గట్టిగా ఉంది.

కావలి_కరెంటు
16 అని చూడలేదు. సరే, ఈ బస్సుకి ఒప్పుకుంటా. బలమైన లైన్లున్న చోట మాత్రం నా పద్ధతి తేలిక, తప్పు కూడా కాదు.

చీమకుర్తి_గెలాక్సీ
ఇంకో దారి ఉంది కదా. జనరేటర్ టేబుల్లోనే పీసీ1, పీసీ2, క్యూసీ1మిన్, క్యూసీ1మ్యాక్స్, క్యూసీ2మిన్, క్యూసీ2మ్యాక్స్ అని ఆరు కాలమ్‌లు ఉన్నాయి, 11 నుంచి 16 దాకా. వాటితో ఏటవాలు గీత గీయొచ్చు. పీసీ1 = 0 దగ్గర క్యూ 0, పీసీ2 = 30 దగ్గర క్యూ 9.86. కోడ్ రాసే పనే లేదు.

గూడూరు_కోడర్
@చీమకుర్తి_గెలాక్సీ అందరికీ ముందు అదే తడుతుంది, కానీ అది నడవదు. ఆ కాలమ్‌లు సింక్రనస్ మెషిన్ (థర్మల్ ప్లాంటుల్లో తిరిగే జనరేటర్) కేపబిలిటీ కర్వ్, అంటే ఎంత పీ దగ్గర ఎంత క్యూ ఇవ్వగలదో చూపే గీత, కోసం పెట్టినవి. మెషిన్‌లో పీ పెరిగే కొద్దీ క్యూకి ఉన్న చోటు తగ్గుతుంది. అందుకని క్యూసీ2మ్యాక్స్ ఎప్పుడూ క్యూసీ1మ్యాక్స్‌ని దాటకూడదని ప్రోగ్రామ్‌లో చెక్ ఉంది. పవర్ ఫ్యాక్టర్ హద్దు దీనికి పూర్తిగా ఎదురు. పీ పెరిగే కొద్దీ క్యూకి చోటు పెరుగుతుంది. మీరన్న అంకెలు వేస్తే రన్ కాకముందే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

చీమకుర్తి_గెలాక్సీ
ఇప్పుడే వేసి చూశా. నిజమే, ఎర్రర్ కొట్టింది.

గూడూరు_కోడర్
@పెన్నాతీరం అసలు పని ఇలా చెయ్యి. మ్యాట్‌పవర్ మన సొంత లీనియర్ హద్దుల్ని ఒప్పుకుంటుంది. కేసులో 'ఏ' అనే మాట్రిక్స్, 'ఎల్', 'యూ' అనే రెండు వెక్టర్లు చేర్చాలి. అర్థం ఏందంటే, ఏ మాట్రిక్స్‌ని వేరియబుల్స్‌తో గుణిస్తే వచ్చేది ఎల్‌కీ యూకీ మధ్య ఉండాలి.

వేరియబుల్స్ వరస గుర్తుపెట్టుకో. ముందు అన్ని బస్సుల యాంగిల్స్, తర్వాత అన్ని బస్సుల వోల్టేజీలు, తర్వాత అన్ని జనరేటర్ల పీ, చివర అన్ని జనరేటర్ల క్యూ. నీ కేసులో 30 బస్సులు, 6 జనరేటర్లు. కాబట్టి 1 నుంచి 30 యాంగిల్స్, 31 నుంచి 60 వోల్టేజీలు, 61 నుంచి 66 పీలు, 67 నుంచి 72 క్యూలు. మొత్తం 72 కాలమ్‌లు.

23వ బస్సు జనరేటర్ టేబుల్లో ఐదో వరసలో ఉంది. దాని పీ 65వ కాలమ్, క్యూ 71వ కాలమ్.

మొదటి వరస: 65లో మైనస్ 0.3287, 71లో 1. ఎల్ మైనస్ ఇన్ఫినిటీ, యూ సున్నా. అంటే క్యూ ≤ 0.3287 × పీ.
రెండో వరస: 65లో ప్లస్ 0.3287, 71లో 1. ఎల్ సున్నా, యూ ప్లస్ ఇన్ఫినిటీ. అంటే క్యూ ≥ మైనస్ 0.3287 × పీ.

మిగతా 70 కాలమ్‌లూ సున్నాలే, కాబట్టి స్పార్స్ (సున్నాలు దాచుకోని) మాట్రిక్స్‌గా రాయి. ఇంకొకటి, లోపల పీ, క్యూ పర్ యూనిట్‌లో (బేస్ 100 ఎంవీఏతో భాగించిన అంకెల్లో) ఉంటాయి. సొంత హద్దుల్లో చాలామంది 100తో భాగించడం మర్చిపోతారు. ఇక్కడ మాత్రం కుడివైపు సున్నా, రెండు వేరియబుల్స్‌కీ బేస్ ఒకటే. మెగావాట్లలో రాసినా పర్ యూనిట్‌లో రాసినా అదే గీత. ఆ బెంగ లేదు.

పాత క్యూమ్యాక్స్, క్యూమిన్ తీసేయొద్దు, అవి ఇన్వర్టర్ హద్దులుగా ఉంటాయి. ఈ రెండు వరసలూ వాటి మీద అదనంగా పనిచేస్తాయి.

పాత_సబ్‌స్టేషన్
బాగా చెప్పావు నాయనా. గంట గంటకీ పీమ్యాక్స్ మార్చినా ఈ రెండు వరసలూ ముట్టుకోనక్కర్లేదు, అది ఇందులో సుఖం.

ఒంగోలు_గిత్త
ఇంత కష్టం ఎందుకు, పవర్ ఫ్యాక్టర్ ఫార్ములానే నేరుగా హద్దుగా రాయొచ్చు కదా? పీ బై రూట్ ఆఫ్ పీ స్క్వేర్ ప్లస్ క్యూ స్క్వేర్, 0.95 కన్నా ఎక్కువ అని. కొత్త వెర్షన్లలో నాన్‌లీనియర్ హద్దులు కూడా పెట్టొచ్చు.

గూడూరు_కోడర్
@ఒంగోలు_గిత్త పెట్టొచ్చు అన్నా, కానీ చేజేతులా చిక్కు తెచ్చుకోవడమే. పీ, క్యూ రెండూ సున్నా అయినచోట ఆ భిన్నానికి విలువ లేదు, డెరివేటివ్ లేదు. సోలార్‌కి రాత్రి గంటలన్నీ సరిగ్గా అక్కడే ఉంటాయి. పీ సున్నాకి పైన ఉన్నంతవరకూ ఈ రెండు లీనియర్ గీతలూ ఆ ఫార్ములా చెప్పేదే చెప్తాయి, ఉజ్జాయింపు కూడా కాదు. సాల్వర్‌కి లీనియర్ ఇస్తే హాయిగా నడుస్తుంది.

ఒంగోలు_గిత్త
రాత్రి గంటల సంగతి నిజమే. ఒప్పుకున్నా.

సూళ్ళూరు_రాకెట్
జూలియా భాష వాడేవాళ్ళకి ఈ కాలమ్ నంబర్ల గోలే లేదు. అందులోని జంప్ ప్యాకేజీలో మోడల్ రాసుకుంటే క్యూ ≤ 0.3287 × పీ అని ఒక్క లైను, అంతే. పవర్‌మోడల్స్ ప్యాకేజీ ఎలాగూ జంప్ మీదే నడుస్తుంది.

గూడూరు_కోడర్
వారం రోజుల్లో రివ్యూ పెట్టుకున్న పిల్లోడికి కొత్త భాష నేర్పుతావా అన్నా 😀 ముందు ఇది గట్టెక్కనీ.

పెన్నాతీరం
గూడూరు అన్నా, చాలా థ్యాంక్స్. సోలార్‌కి పెట్టాను, మధ్యాహ్నం గంటలు పాసయ్యాయి. ఒకే పద్ధతి ఉంటే బాగుంటుందని మా గైడ్ ఆరు జనరేటర్లకీ 0.95 పెట్టమన్నారు. 12 వరసలు రాశాను. ఇప్పుడు ఏ గంటా కన్వర్జ్ కావడం లేదు, జవాబు తేలడం లేదు. లోడ్లు మార్చకుండా అసలు కేసుకి పెట్టినా అంతే. వోల్టేజి హద్దులు 0.9 నుంచి 1.1కి వదులు చేశాను, అయినా అంతే. మాట్రిక్స్‌లో కాలమ్‌లు తప్పాయా? రెండుసార్లు సరిచూసుకున్నాను.

చీమకుర్తి_గెలాక్సీ
ఇనీషియల్ పాయింట్ మార్చి చూడు. సాల్వర్ మార్చి చూడు.

పాత_సబ్‌స్టేషన్
సాల్వర్ మార్చినా ఫలితం ఉండదు. కాలమ్‌లూ తప్పి ఉండకపోవచ్చు. కాగితం, పెన్ను తీసుకుని లెక్కేయ్ నాయనా.

నీ కేసులో మొత్తం లోడు 189.2 మెగావాట్లు, 107.2 మెగావార్లు. అంటే లోడు పవర్ ఫ్యాక్టరే 0.87. ఆరు జనరేటర్లూ కలిసి లోడుకీ నష్టాలకీ పుట్టించే పీ 192 చుట్టూ ఉంటుంది. అన్నిటికీ 0.95 కట్టేశావు కాబట్టి అవి ఇవ్వగలిగిన క్యూ మొత్తం 192 × 0.3287, అంటే 63. లైన్ల ఛార్జింగ్ (లైన్లు తమంతట తాము పుట్టించే క్యూ) ఈ కేసులో ఇంకో 16 దాకా ఇస్తుంది. 63కి 16 కలిపితే 79. కావాల్సింది లోడుకే 107, దాని మీద లైన్ల రియాక్టెన్స్ తినేది వేరే. 5వ బస్సులోనూ 24వ బస్సులోనూ క్యూ ఇచ్చే షంట్ కెపాసిటర్లు రాసున్నాయి కానీ ఆ ఫైల్లో వాటి విలువలు 0.19, 0.04 మెగావార్లు, లెక్కలోకి రావు. వోల్టేజి 1.1కి పెంచితే ఛార్జింగ్ ఒక మూడు, నాలుగు మెగావార్లు పెరుగుతుంది. దానితో ఈ లోటు పూడదు. ఇక సాల్వర్ ఎక్కడి నుంచి తెస్తుంది?

అదే 0.85 పెడితే 192 × 0.6197, అంటే 119. అప్పుడు దారి ఉంది.

ఇది అంకెల సంగతి. అంతకన్నా పెద్ద సంగతి, థర్మల్ మెషిన్‌కి పవర్ ఫ్యాక్టర్ గీత గీయడమే సరి కాదు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ జనరేటర్ డెస్క్ మీద ఉండేది కేపబిలిటీ కర్వ్, పవర్ ఫ్యాక్టర్ గీత కాదు. మన కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఉన్నవి 800 మెగావాట్ల యూనిట్లు. అలాంటి మెషిన్ రేటెడ్ పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుని లెక్క వేద్దాం. రేటింగ్ 941 ఎంవీఏ. ఫుల్ లోడు మీద ఇవ్వగలిగిన క్యూ 496 మెగావార్లు. ఇప్పుడు మధ్యాహ్నం సోలార్ ఎక్కువై ఆ యూనిట్‌ని 55 శాతానికి, 440 మెగావాట్లకి దించారు. నువ్వు గీసిన పవర్ ఫ్యాక్టర్ గీత ఏం చెప్తుంది? క్యూ 273 దాటొద్దంటుంది. మెషిన్ ఏం చెప్తుంది? పీ తగ్గింది, స్టేటర్‌లో చోటు ఖాళీ అయింది, రోటర్ వేడెక్కనంతవరకూ 496 కన్నా ఎక్కువే ఇస్తానంటుంది. గ్రిడ్‌కి వోల్టేజి సాయం కావాల్సిన వేళ, ఉన్న శక్తిని నీ మోడల్ లేదని చెప్తుంది. లీడింగ్ వైపు మళ్ళీ వేరే కథ. అక్కడ ఆపేది స్టేటర్ కోర్ చివరల వేడి, స్టెబిలిటీ.

ఒంగోలు గిత్త ఎంత లాగగలదన్నది ఒకటి, బండి మీద ఎంత ఎక్కించాలని ఊళ్ళో రాసుకున్న కట్టుబాటు ఇంకొకటి. కేపబిలిటీ కర్వ్ మొదటిది, పవర్ ఫ్యాక్టర్ రెండోది. మోడల్లో ఏది పెడుతున్నావో తెలిసి పెట్టాలి.

ఒంగోలు_గిత్త
నా పేరు మీదే చెప్పారు సార్, ధన్యుణ్ణి 🙏

కావలి_కరెంటు
సార్, ఒక్క మాట. థర్మల్ యూనిట్లకి సీఈఏ కనెక్టివిటీ రూల్స్‌లోనే 0.85 లాగ్ నుంచి 0.95 లీడ్ అని ఉంది కదా. రూల్లో ఉన్నది మోడల్లో పెడితే తప్పెలా అవుతుంది?

పాత_సబ్‌స్టేషన్
@కావలి_కరెంటు ఆ వాక్యం పూర్తిగా చదువు. రేటెడ్ అవుట్‌పుట్ దగ్గర ఆ పరిధిలో నడిచే సామర్థ్యం మెషిన్‌కి ఉండాలి అని. కొనేటప్పుడు మెషిన్‌కి ఉండాల్సిన కనీస సత్తా అది. సగం లోడు మీద అంతకు మించి ఇవ్వొద్దని ఎక్కడా లేదు. కనీసాన్ని తీసుకొచ్చి గరిష్ఠంగా పెడితే ఎలా?

కావలి_కరెంటు
అలా చూస్తే సోలార్‌కి 0.95 కూడా అంతే కదా సార్! అదీ సామర్థ్యమే. మరి సోలార్‌కి గీత గీస్తే ఒప్పు, థర్మల్‌కి గీస్తే తప్పు ఎలా అవుతుంది?

సోలార్_అక్క
ఇది మంచి ప్రశ్న. నేను చెప్తాను, ప్లాంటు వైపు పనిచేస్తాను కాబట్టి.

కావలి వారు అన్నది నిజం. 2013 సవరణలో సోలార్, విండ్‌కి వచ్చిన 0.95 కూడా, ఆ పరిధిలో పవర్ ఫ్యాక్టర్ నిలబెట్టే సామర్థ్యం ఉండాలనే. ఇన్వర్టర్ అసలు హద్దు వృత్తం. పీ స్క్వేర్ ప్లస్ క్యూ స్క్వేర్, రేటింగ్ స్క్వేర్ దాటకూడదు, అంతే. అంటే ఇన్వర్టర్‌కి కూడా పీ తక్కువ ఉన్నప్పుడు క్యూకి చోటు ఎక్కువ. ఆ సదుపాయం కొన్న ఇన్వర్టర్ రాత్రిపూట పీ సున్నా ఉన్నా క్యూ ఇస్తుంది.

కానీ ప్లాంటులో ఆ శక్తి ఉన్నంత మాత్రాన వాడరు. ప్లాంట్ కంట్రోలర్‌ని ఏ మోడ్‌లో పెట్టారన్నది చూడాలి. చాలా చోట్ల స్థిర పవర్ ఫ్యాక్టర్ మోడ్‌లో, యూనిటీకి (1కి) దగ్గరగా పెట్టి వదిలేస్తారు. కొన్నిచోట్ల క్యూ సెట్‌పాయింట్ మోడ్. కొన్నిచోట్ల వోల్టేజి మోడ్. కాబట్టి మోడల్లో మూడు రకాలు:

స్థిర పవర్ ఫ్యాక్టర్ అయితే గూడూరు వారు చెప్పిన రెండు వరసలు కూడా వద్దు, ఒక్క వరస చాలు. క్యూ = టాన్ × పీ, ఎల్, యూ రెండూ సున్నా. యూనిటీ అయితే క్యూమ్యాక్స్, క్యూమిన్ సున్నా చేస్తే సరి.

0.95 పరిధిలో ఎక్కడైనా ఉండొచ్చని ఒప్పందం ఉంటే రెండు వరసలు.

వోల్టేజి మోడ్‌లో ఉండి పూర్తి శక్తి వాడుకోనిస్తే వృత్తం. లీనియర్‌గానే కావాలంటే వృత్తం లోపల బహుభుజి గీసుకుని ఒక్కో భుజానికి ఒక వరస రాయొచ్చు.

పెన్నాతీరం, మీకు వచ్చిన పీ 6, క్యూ 22 అనే ఫలితం భౌతికంగా అసాధ్యం కాదు. 30 ఎంవీఏ ఇన్వర్టర్ ఉంటే 22.8 ఎంవీఏ ఇవ్వగలదు. అసలు ఆ వరసలో క్యూమ్యాక్స్ 40 అని ఉంది చూడండి, పీమ్యాక్స్ 30కి. రెండూ ఒకేసారి వాడితే 50 ఎంవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.6. అది పాత సింక్రనస్ మెషిన్ అంకె, సోలార్ కింద మార్చినప్పుడు ఆ 40 కూడా మార్చాలి. మీ గైడ్‌కి చెప్పాల్సింది ఇది. ప్లాంటు అలా నడవగలదా లేదా అన్నది ఒక ప్రశ్న, నడవనిస్తారా లేదా అన్నది ఇంకో ప్రశ్న. మీ ప్రాజెక్టు దేన్ని అడుగుతోంది?

కావలి_కరెంటు
అక్కా, దీనికి ఎదురు చెప్పేది లేదు.

పెన్నాతీరం
మా టైటిల్ "సోలార్ వచ్చాక రోజువారీ ఉత్పత్తి ఖర్చు". నడవనిస్తారా అన్నదే మాకు కావాలి అనుకుంటా.

పాత_సబ్‌స్టేషన్
ఖర్చు మీద పని అయితే ఇంకా జాగ్రత్త. పవర్ ఫ్యాక్టర్ వరస గట్టిగా పట్టుకున్నప్పుడు, సాల్వర్‌కి క్యూ కావాలంటే పీ పెంచక తప్పదు. ఖరీదైన మెషిన్ పీని పెంచి, చవకైన మెషిన్ పీని తగ్గించి క్యూ తెచ్చుకుంటుంది. బిల్లు పెరుగుతుంది. అది సోలార్ వల్ల పెరిగిన ఖర్చు కాదు, నువ్వు థర్మల్ మీద గీసిన గీత వల్ల పెరిగిన ఖర్చు. ఏది ఎంతో తెలియాలంటే ఆ వరసల షాడో ప్రైస్ (హద్దు కొంచెం వదిలితే ఖర్చు ఎంత మారుతుందో చెప్పే అంకె) చూడు. సున్నా ఉంటే గీత తగల్లేదు. సున్నా కాకపోతే దాని ప్రభావం ఎటు ఉందో తెలుస్తుంది.

గూడూరు_కోడర్
దానికి తోడు ఒకటి. మాట్రిక్స్‌ని కేసు ఫైల్లో పెడితే మనం రాసిన జనరేటర్ వరసనే మ్యాట్‌పవర్ సర్దుకుంటుంది. కాల్‌బ్యాక్ ఫంక్షన్‌లో (రన్ మధ్యలో మ్యాట్‌పవర్ పిలిచే మన సొంత కోడ్‌లో) చేర్చేవాళ్ళు మాత్రం లోపలి వరసకి తగ్గట్టు రాయాలి. ఆఫ్‌లో ఉన్న జనరేటర్లు అక్కడ ఉండవు. మన ఫైల్లో ఐదోది లోపల కూడా ఐదోదే అనుకోవద్దు.

నాయుడుపేట_విద్యుత్
లాగ్, లీడ్ గుర్తుల దగ్గర అందరూ ఒకసారి ఆగండి. జనరేటర్‌కి లాగ్ అంటే క్యూ బయటకి ఇస్తోంది, ఓవర్ ఎక్సైటెడ్. లోడుకి లాగ్ అంటే క్యూ తీసుకుంటోంది. కొన్ని మీటర్లు, కొన్ని ఇన్వర్టర్ మాన్యువల్స్ లోడు గుర్తులు వాడతాయి. 0.85 లాగ్, 0.95 లీడ్ లాంటి ఇరుపక్కలా వేరైన హద్దు పెట్టేటప్పుడు పై వరసలో 0.6197, కింది వరసలో 0.3287 పడాలి. తిరగేస్తే రన్ అయిపోతుంది, ఎర్రర్ రాదు, రిజల్టు మాత్రం తప్పు.

ఒంగోలు_గిత్త
సముద్రం వైపు మండలాల సంగతి కూడా అడగాలి. రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి. అన్నీ చిన్న మోటార్లు, పవర్ ఫ్యాక్టర్ తక్కువ. సోలార్ లేని వేళే ఈ లోడు. దీన్ని ఓపీఎఫ్‌లో ధర ఎక్కువైతే తగ్గే లోడుగా పెడితే, పీ తగ్గినప్పుడు క్యూ కూడా దానితో పాటు తగ్గాలి కదా. దానికీ ఈ వరసలే రాయాలా?

గూడూరు_కోడర్
@ఒంగోలు_గిత్త అక్కర్లేదు అన్నా, అది మ్యాట్‌పవర్‌లో ముందే ఉంది. డిస్పాచబుల్ లోడు అంటారు. నెగటివ్ జనరేటర్‌గా రాయాలి. 10 మెగావాట్ల ఏరియేటర్ లోడు, 0.8 లాగ్ అనుకో. పీమిన్ మైనస్ 10, పీమ్యాక్స్ 0. టాన్ 0.75 కాబట్టి క్యూమిన్ మైనస్ 7.5, క్యూమ్యాక్స్ 0. ఈ నిష్పత్తి చూసి స్థిర పవర్ ఫ్యాక్టర్ హద్దుని అదే పెట్టేస్తుంది. క్యూమ్యాక్స్, క్యూమిన్‌లలో ఒకటి సున్నా ఉండాలి, అది మరవొద్దు.

ఒంగోలు_గిత్త
ఇంత సులువా! నెల్లూరు వస్తే చేపల పులుసు నా ఖర్చు.

నాయుడుపేట_విద్యుత్
ఒంగోలాయన నెల్లూరుకొచ్చి మనకి పులుసు పెట్టడమేంది, మర్యాద మాది 😀

అయినా అన్నా, ఆ లోడు పెట్టేటప్పుడు 33/11 కేవీ సబ్‌స్టేషన్ కెపాసిటర్ బ్యాంకులు కూడా షంట్‌గా పెట్టండి. మోడల్లో కెపాసిటర్ లేకపోతే క్యూ భారమంతా జనరేటర్ మీద పడుతుంది, అప్పుడు పవర్ ఫ్యాక్టర్ గీత పెట్టినా పెట్టకపోయినా గోలే. ఫీల్డులో పంపుసెట్ల దగ్గర కెపాసిటర్లు ఎన్ని పనిచేస్తున్నాయో చూసి పెట్టాలి, కాగితం మీద ఉన్నవన్నీ పెట్టొద్దు.

సోలార్_అక్క
ఇది చాలా ముఖ్యం. రాత్రి గంటల్లో ఆ రెండు వరసలు సోలార్ క్యూని సున్నాకి తెచ్చేస్తాయి, ఎందుకంటే పీ సున్నా. ఆ వేళకి వోల్టేజి నిలబెట్టేది థర్మల్, కెపాసిటర్లే.

పెన్నాతీరం
మార్చి నడిపాను. సోలార్ ఒక్కదానికే రెండు వరసలు, దాని క్యూమ్యాక్స్, క్యూమిన్ ఇన్వర్టర్ రేటింగ్‌కి తగ్గించాను. మిగతా ఐదు మెషిన్లకి వరసలు తీసేసి పాత క్యూ హద్దులే ఉంచాను. అన్ని గంటలూ కన్వర్జ్ అయ్యాయి. సాయంత్రం 5కి పీ 6, క్యూ 1.97, పై వరస గట్టిగా తగిలింది, షాడో ప్రైస్ సున్నా కాదు. మధ్యాహ్నం 12కి సోలార్ పీకి కోత పడింది, 23 నుంచి 24కి పోయే లైన్ హద్దు మీద ఉంది. అక్క చెప్పిన 16 ఎంవీఏ లైనే.

కావలి_కరెంటు
ఆ 12 గంటల కేసులో నా పద్ధతితో కూడా ఒకసారి నడిపి క్యూ ఎంత వస్తుందో పెట్టు తమ్ముడూ. తేడా ఎంతుందో చూద్దాం.

పెన్నాతీరం
నడిపాను అన్నా. మీ పద్ధతిలో క్యూ పీమ్యాక్స్ బట్టి పెట్టిన హద్దు దాకా పోయింది, పవర్ ఫ్యాక్టర్ 0.95 కన్నా కిందకి దిగింది. కోత లేని గంటల్లో రెండు పద్ధతులకీ తేడా లేదు.

పాత_సబ్‌స్టేషన్
రివ్యూలో ఈ రెండు రన్‌లూ పక్కపక్కన చూపించు. మూడోది, ఇన్వర్టర్ వృత్తంతో నడిపింది కూడా పెట్టు. నడవనివ్వకపోవడం వల్ల ఎంత ఖర్చవుతోందో ఆ తేడాలో కనిపిస్తుంది. అది నీ టైటిల్‌కి అసలు జవాబు.

పెన్నాతీరం
వృత్తం బహుభుజితో రాస్తున్నాను సార్. ఎన్ని భుజాలు సరిపోతాయి?

గూడూరు_కోడర్
పీ ఎలాగూ సున్నాకి పైనే కాబట్టి కుడి సగం చాలు. 8 భుజాలతో మొదలుపెట్టి, 16 చేసి చూడు. ఖర్చు మారకపోతే 8 దగ్గర ఆగిపో. కుడివైపు ఇక్కడ సున్నా కాదు, రేటింగ్ వస్తుంది. ఈసారి 100తో భాగించడం మర్చిపోవద్దు.